సమ్మతి పత్రములు, సందేహములు: ఖమ్మం టీకా వివాదముపై ఒక విమర్శ

సారపాక గోదావరికి దక్షిణపుటొడ్డున నున్నది. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన వంతెన దాటినచో భద్రాచలము. ఈవల అట్టకాగితముల మిల్లు, ఆవల రామాలయము, రెంటి చుట్టును అడవి. వేసవి వచ్చినదనగానే కోయ కుటుంబములు పిల్లాపాపలతో తునికాకు కోతకు పోవుదురు. యాబదేసి ఆకులు కట్టలు గట్టి కల్లములలో ఎండబెట్టుదురు. ఆ ఆకు ఎక్కడెక్కడికో పోయి బీడీ యగును. 1979లో ఉత్పత్తి మొదలుపెట్టిన మిల్లు నేడు ఏ కంపెనీ అధీనములో నున్నదో, ఆ కంపెనీ 1910లో పొగాకు కంపెనీగానే పుట్టినది. కాన్సరు కథలోని ముఖ్య పాత్రలలో ఒకటి ఈ ప్రాంతమునకు పాత చుట్టమే అన్నమాట. ఐనను 2010లో ఈ ప్రాంతపు పేరు దేశమంతట వినబడుటకు కారణము పొగాకు కాదు, ఒక టీకా.

2009 జూలైలో, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలములలో ఒక పథకము ప్రారంభమైనది. 10 మొదలు 14 ఏండ్ల వరకు వయసుగల బాలికలకు గర్భాశయ ముఖద్వార కాన్సరు రాకుండ మూడు మోతాదుల టీకా వేయుట దాని పని. అమెరికాకు చెందిన పాత్ అను సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వము కలిసి దీనిని నడపినవి. ధనము గేట్స్ ఫౌండేషనుది. ఆగస్టులో గుజరాత్‌లోని వడోదర జిల్లాలోను ఇట్టి పథకమే మొదలైనది. ఖమ్మమున గార్డసిల్, వడోదరలో సెర్వారిక్స్ అను టీకాలను వాడిరి. ఖమ్మమున దాదాపు 14,000 మంది, రెండు జిల్లాలలో కలిపి 23,000కు పైగా బాలికలు టీకా పొందిరి. వారిలో చాలమంది గిరిజన బాలికలు. ఆశ్రమ పాఠశాలలలో, ప్రభుత్వ హాస్టళ్లలో ఉండి చదువుకొనువారు.

2010 మార్చిలో ఢిల్లీకి చెందిన సమా అను మహిళారోగ్య సంస్థ కార్యకర్తలు భద్రాచలము వచ్చి విచారించిరి. టీకా పొందిన బాలికలలో కొందరు మరణించిరను వార్త పొక్కినది. ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము పథకమును నిలిపివేసినది. కేంద్రము నియమించిన నిపుణుల సంఘము 2011లో నివేదిక ఇచ్చినది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘము తన 72వ నివేదికలో ఈ వ్యవహారమును తీవ్రముగా ఖండించినది. విషయము సుప్రీము కోర్టుకు పోయినది. పార్లమెంటు సంఘపు నివేదికను కోర్టు చూడవచ్చునా అను చిక్కు ప్రశ్నపై రాజ్యాంగ ధర్మాసనము 2018 మేలో, చూడవచ్చునని తీర్పు చెప్పినది.

ఈ రెండు నివేదికలను ప్రక్కప్రక్కన బెట్టి చూచినచో ఒక వింత కనబడును. ఒకదానికి శరీరము తెలియును. రెండవదానికి సమాజము తెలియును. ఆ రెంటి నడుమ నున్న మనసు, అనగా భయము, సిగ్గు, నమ్మకము, రెంటిలోను ఎవరికిని పట్టలేదు. కాన్సరు మాత్రము ఈ మూడింటిని వేరు చేసి చూడదు. కావున విమర్శకు పూనుకొనుటకు ముందు ఆ రోగమెట్లు పుట్టునో కొంచెము నిదానముగా చూడవలెను.

1842లో ఇటలీలోని వెరోనా నగరమున రిగోనీ-స్టెర్న్ అను వైద్యుడు మరణపు లెక్కలు తిరగవేయుచు ఒక సంగతి గమనించెను. గర్భాశయ కాన్సరు వివాహిత స్త్రీలలో ఎక్కువ; మఠములలోని సన్యాసినులలో మిక్కిలి తక్కువ. సూక్ష్మదర్శినితో పని లేకుండ, కేవలము చావుల పట్టికలో నుండి తీసిన సత్యమిది. వివాహ జీవితముతో సంబంధమున్న ఏదో ఒకటి ఈ రోగమునకు మూలమై యుండవలెనని ఊహ కలిగినది. ఆ ఏదో ఒకటి తేలుటకు నూట నలుబది ఏండ్లు పట్టినది. 1980ల తొలి సంవత్సరములలో జర్మనీ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ ఈ కాన్సరు కణములలో మానవ పాపిలోమా వైరస్‌లోని 16, 18 రకములను కనుగొనెను. 2008లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. ఆ రెండు రకములే ఈ కాన్సరులో నూటికి 70 వంతులకు కారణము.

ఈ వైరస్ పనితీరు చమత్కారమైనది. ప్రతి జీవకణములోను విభజనను అదుపులో నుంచు కళ్లెములు కొన్ని కలవు. వానిలో పి53, ఆర్‌బి అను రెండు ప్రోటీనులు ముఖ్యమైనవి. వైరస్ తయారుచేయు ఇ6 అను ప్రోటీను మొదటి కళ్లెమును నాశనము చేయును; ఇ7 అనునది రెండవదానిని పట్టుకొని పనిచేయనీయదు. కళ్లెము తెగిన గుఱ్ఱమువలె కణము విభజింపబడుచు పోవును. ఐనను ఇది ఒక నాటి పని కాదు. వైరస్ సోకిన స్త్రీలలో పదింట తొమ్మండుగురి శరీరము ఒకటి రెండేండ్లలో దానిని తానే తరిమివేయును. ఎవరి శరీరములో అది ఏండ్ల తరబడి తిష్ఠ వేయునో వారిలో కొందరికి మాత్రమే, పదేండ్లకో ఇరువదేండ్లకో, కాన్సరు వచ్చును. టీకా ఈ వైరస్ సోకకుండ ఆపునే గాని సోకినదానిని పోగొట్టలేదు. చిన్న వయసు బాలికలకు వేయుటలోని శాస్త్రము ఇదే. పథకమును విమర్శించినవారిలో కొందరు పదేండ్ల పిల్లకు ఈ టీకా ఎందుకని పరిహసించిరి. ఆ పరిహాసము శాస్త్రము తెలియక చేసినది.

టీకా ఫలించునా అను సందేహమునకు 2009లో కంటె నేడు గట్టి సమాధానము కలదు. 2020లో స్వీడనునుండి వెలువడిన పరిశీలనలో, 17 ఏండ్లకు ముందు టీకా పొందిన స్త్రీలలో ఈ కాన్సరు నూటికి 88 వంతులు తగ్గినది. ఇంగ్లండులో 12, 13 ఏండ్లకు టీకా పొందినవారిలోను దాదాపు అంతే తగ్గినదని 2021లో తేలినది.

ఇంతవరకు జీవశాస్త్రము. ఇక వైరస్ అన్ని దేశములలోను ఉన్నప్పుడు కాన్సరు మరణములు బీద దేశములకే ఎందుకు పోగుపడినవి? 2022 అంచనాల ప్రకారము భారతదేశమున ఆ ఒక్క సంవత్సరములో సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ రోగము వచ్చినది. దాదాపు 80,000 మంది మరణించిరి. వైరస్ సోకిన స్త్రీలలో కాన్సరు వచ్చు అవకాశమును పెంచు సంగతులు కొన్ని బాగుగా రుజువైనవి: చిన్ననాటి పెండ్లి, పెక్కు కాన్పులు, పొగ త్రాగుట, ఎయిడ్స్ వైరస్ వలన రోగనిరోధక శక్తి క్షీణించుట. ఏడును అంతకు మించియు కాన్పులైన స్త్రీకి, కాన్పే లేని స్త్రీకంటె అపాయము సుమారు నాలుగు రెట్లు. ఈ పట్టికలో ఏ ఒక్కటియు కేవలము శరీర ధర్మము కాదు. పిల్ల పెండ్లి వయసు తండ్రి నిర్ణయించును. కాన్పుల లెక్క అత్తవారింట తేలును. ఒక్క భర్తను తప్ప ఎరుగని ఇల్లాలికి సైతము ఈ వైరస్ ఆ భర్త ద్వారానే రావచ్చును. కావున ఈ రోగమును స్త్రీ శీలమునకు ముడిపెట్టుట శాస్త్రవిరుద్ధము మాత్రమే కాదు, క్రూరము కూడ. ఈ మాట పాఠశాలలో చెప్పుటకు ఉపాధ్యాయులు జంకుదురు గాని, చెప్పనిచో పిల్లలు వీధిలో మరొక విధముగా విందురు.

అన్నిటికంటె పెద్ద సామాజిక కారణము పరీక్ష లేకపోవుట. ఈ కాన్సరు కనబడుటకు ముందు ఏండ్ల తరబడి గర్భాశయ ముఖద్వారమున చిన్న మార్పులుగా నుండును. ఆ దశలో పట్టుకొన్నచో చిన్న చికిత్సతో పోవును. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో 1,30,000 మందికి పైగా గ్రామీణ స్త్రీలపై జరిగిన పరిశోధన ఫలితము 2009 ఏప్రిల్‌లో వెలువడినది. జీవితకాలములో ఒక్కసారి వైరస్ పరీక్ష చేసి, అవసరమైనవారికి చికిత్స చేసినచో ఈ కాన్సరు మరణములు దాదాపు సగమునకు తగ్గినవి. తేదీ గమనింపదగినది. ఈ ఫలితము అచ్చైన మూడు నెలలకే ఖమ్మమున టీకా పథకము మొదలైనది. కూతురికి టీకా తెచ్చినవారు తల్లికి పరీక్ష తేలేదు. టీకా ఫలము ఇరువదేండ్లకు గాని కనబడదు. పరీక్ష ఫలము మరుసటి నెలలోనే కనబడును. ఈ పథకముపై శాస్త్రదృష్టితో చేయవలసిన మొదటి విమర్శ ఇది. రెండు నివేదికలలోను దీనికి దక్కవలసిన చోటు దక్కలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశములో 30 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ఈ పరీక్ష ఎన్నడైనను చేయించుకొన్నవారు నూటికి 1.9 మంది. అనగా ఇద్దరు కూడ లేరు.

మనసు సంగతి ఇంకొంత జాగ్రత్తగా చూడవలెను. దిగులు వలన కాన్సరు వచ్చునను నమ్మకము ఈనాటిది కాదు. రోము నాటి వైద్యుడు గాలెన్ విషాద స్వభావముగల స్త్రీలకు రొమ్ము కాన్సరు ఎక్కువ వచ్చునని నమ్మెను. మన ఊళ్లలోను రాచకురుపు లేచిన మనిషిని చూచి, మనసులో ఏ బెంగ పెట్టుకొన్నదో అనుట కలదు. ఇరువదవ శతాబ్దములో ఈ నమ్మకమునకు శాస్త్రపు దుస్తులు తొడిగినవాడు లండను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు హాన్స్ ఐజెంక్. గ్రోసార్త్-మాటిచెక్ అను సహచరునితో కలిసి, కోపతాపములను లోలోపల అణచుకొను స్వభావము గలవారికి కాన్సరు అపాయము ఎన్నో రెట్లు ఎక్కువని ఆయన వ్రాసెను. ఆ లెక్కలు నమ్మదగనంత గొప్పగా నుండెను. నిజముగనే నమ్మదగనివని పిమ్మట తేలినది. 2019లో లండను కింగ్స్ కళాశాల విచారణ, వారిరువురి 26 వ్యాసములు విశ్వసనీయము కావని తేల్చినది. ఐరోపాలో 1,16,000 మంది పనివారిపై జరిగి 2013లో ప్రకటింపబడిన పరిశీలనలో ఉద్యోగపు ఒత్తిడికిని కాన్సరు పుట్టుటకును సంబంధమేమియు కనబడలేదు.

అట్లని మనసునకు ప్రమేయము లేదనుట పొరబాటు. అది కణముపై నేరుగా గాక, కాళ్లపైనను చేతులపైనను పనిచేయును. దిగులు మనిషి చేతికి బీడీ నందించును. సిగ్గు స్త్రీని ఆసుపత్రి గడప తొక్కనీయదు. అకాల రక్తస్రావమును మగ డాక్టరుతో చెప్పుకొనలేక ఆరు నెలలు ఊరకుండును. కాన్సరన్న తరువాత చావే గదా అను నిరాశ, మానదగిన రోగమును మానరానిదిగా మార్చును. భయము టీకా శిబిరమునుండి పిల్లను తీసికొనిపోవును. ఖమ్మమున జరిగినది గూడ ఒక పాలు ఇదే.

ఇప్పుడు మరల నివేదికలకు వత్తము. రెండు జిల్లాలలో కలిసి ఏడుగురు బాలికలు మరణించిరి. వారిలో ఐదుగురు ఖమ్మం జిల్లావారు. నమోదైన కారణములు ఇవి: ఒకరు క్వారీ నీటిలో మునిగిరి, ఒకరు పాము కాటు, ఇద్దరు పురుగుమందు త్రాగిరి, ఒకరు మలేరియా. తక్కిన ఇద్దరి విషయములో కారణము అంత స్పష్టము కాదు; ఒకరిది జ్వరమనియు, ఒకరిది మెదడులో రక్తస్రావమనియు అనుమానము. నిపుణుల సంఘము ఈ మరణములకు టీకాతో సంబంధము కనబడదని చెప్పినది. ఇది న్యాయమైన నిర్ణయమే. టీకా తరువాత జరిగినదంతయు టీకా వలన జరిగినది కాదు. 23,000 మంది బాలికలలో ఏ సూదియు వేయకున్నను ఆ తొమ్మిది నెలలలో కొందరు మరణించి యుందురు. టీకా పొందనివారిలో మరణములెన్నో తెలిసినగాని పొందినవారి లెక్కకు అర్థము లేదు. తర్కశాస్త్రములోని ఈ చిన్న పాఠమును నాటి వార్తాపత్రికలు పెక్కు మరచినవి.

ఐనను నిపుణుల నివేదిక ఆ పట్టికను టీకాకు నిర్దోషిత్వ పత్రముగా మాత్రమే చదివినది. మరొక విధముగా చదివినచో, నీట మునుగుట, పాము, పురుగుమందు, మలేరియా అను నాలుగు మాటలలో అడవి అంచు పల్లెలలో పదేండ్ల ఆడపిల్ల బ్రతుకెంత పలుచని దారముపై వ్రేలాడుచున్నదో వ్రాసి యున్నది. అట్టి చోట ఇరువదేండ్ల తరువాతి కాన్సరును ఆపుటకు సూది తెచ్చినవారిని, ఇప్పటి మలేరియా సంగతేమని తల్లిదండ్రులు అడిగిన అది మూఢత్వము కాదు.

పార్లమెంటు సంఘపు బలము సమ్మతి పత్రములలో నున్నది. ఆంధ్రప్రదేశ్‌లో చూచిన 9,543 పత్రములలో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రములపై సంతకము చేసినవారు హాస్టలు వార్డెన్లు. వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు పిల్లల సంరక్షకులుగా సంతకము చేయవచ్చునని ప్రభుత్వమే ఉత్తరువిచ్చినది. ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలసిన సంఖ్యలివి. వేలిముద్ర దానంతట అది దోషము కాదు. చదువు రాని తల్లి సైతము విని, తెలిసికొని, ఒప్పుకొనగలదు. చదివి చెప్పినవారెవరు, ఏమి చెప్పిరి అనునదే ప్రశ్న. వార్డెను సంతకము దోషమే. తల్లిదండ్రులు బిడ్డను చదువుకై అప్పగించిరి గాని ఆమె శరీరముపై నిర్ణయాధికారమునకు కాదు. హాస్టలు పిల్లలను ఎన్నుకొనుట ఎందుకనగా వారు ఒక్కచోట నుందురు, వరుసలో నిలుతురు, మూడు మోతాదులకు మరల దొరకుదురు. పథకకర్తల సౌకర్యము ఇది. పిల్లల అవసరము కాదు.

గర్భాశయ ముఖద్వార కాన్సరు చరిత్రలో ఇట్టి తప్పు ఇది మొదటిది కాదని గూడ ఇచ్చట చెప్పదగును. 1951లో అమెరికాలోని బాల్టిమోరు ఆసుపత్రిలో హెన్రియెట్టా లాక్స్ అను నల్లజాతి స్త్రీ ఈ రోగముతోనే మరణించినది. ఆమెకు చెప్పకుండ తీసిన కణములు నేటికిని ప్రపంచపు ప్రయోగశాలలలో పెరుగుచున్నవి. ఆ కణములలో పాపిలోమా వైరస్ 18వ రకము కలదని పిమ్మట తేలినది. విజ్ఞానము లాభపడినది; ఆమె బిడ్డలకు చాల ఏండ్లవరకు సంగతి తెలియనే లేదు.

పార్లమెంటు నివేదిక ఈ తీరును బాలికల హక్కుల ఉల్లంఘనగా తలచి పాత్ సంస్థను గట్టిగా నిందించినది. టీకా కంపెనీల వ్యాపార ప్రయోజనమే దీని వెనుక నున్నదని తీర్మానించినది. సమ్మతి విషయములో ఆ కోపము తగినదే. కాని పద్ధతి తప్పు గనుక పదార్థమే తప్పు అను అభిప్రాయము పాఠకుని మనసున నాటుకొనకుండ ఆ నివేదిక జాగ్రత్తపడలేదు. నిపుణులు పదార్థము మంచిది గనుక పద్ధతి దోషము చిన్నదన్నట్లు వ్రాసిరి. పార్లమెంటు సభ్యులు దానిని తల్లక్రిందులు చేసిరి. ఈ రెండు పొరబాట్లకును మూల్యము చెల్లించినది స్త్రీలే. వార్డెను సంతకముతో పుట్టిన అవిశ్వాసము ఖమ్మముతో ఆగలేదు. ఈ టీకా పేరెత్తుటకే ప్రభుత్వములు ఏండ్ల తరబడి వెనుకాడినవి. చిన్న రాష్ట్రమైన సిక్కిం 2018లో పాఠశాలల ద్వారా, తల్లిదండ్రులతో ముందుగా మాటలాడి, నూటికి 95 మందికి పైగా బాలికలకు టీకా వేయగలిగినది. కొండ ప్రాంతము, చెదరిన పల్లెలు అక్కడను ఉన్నవి.

ఈ కథలో ఒక విచిత్రమైన మలుపు మిగిలియున్నది. 2009 సెప్టెంబరులో, ఖమ్మం పథకముతో సంబంధము లేకుండ, అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ భారతదేశములోని తొమ్మిది కేంద్రములలో వేరొక పరిశోధన మొదలుపెట్టినది. మూడు మోతాదులకు బదులు రెండు చాలునా యని చూచుట దాని ఉద్దేశము. 2010 ఏప్రిల్‌ నాటి నిలుపుదల దానికిని తగిలినది. ఫలితముగా వేలకొలది బాలికలు ఒక్క మోతాదుతోనే ఆగిపోయిరి. పరిశోధకులు వారిని విడిచిపెట్టక పదేండ్లు వెంబడించి చూచిరి. 2021లో ప్రకటించిన ఫలితము ప్రకారము 16, 18 రకముల వైరస్ తిష్ఠ వేయకుండ ఒక్క మోతాదు 95.4 శాతము కాపాడినది. రెండు, మూడు మోతాదులు అంతకు మించి ఏమియు చేయలేదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క మోతాదు విధానమును అంగీకరించుటకు ఆధారమైన సాక్ష్యములలో ఇది ముఖ్యమైనది. ఖమ్మమున చెలరేగిన వివాదము, ఎవరును తలపెట్టకయే, బీద దేశములకు టీకా ఖర్చును మూడవ వంతుకు తగ్గించినది. దీనిని చూపి ఆనాటి తొందరపాటును సమర్థించుట మాత్రము తగదు. కాలు జారి పడినచోట నాణెము దొరికిన మాత్రమున బాట బాగున్నదని కాదు.

2014లో రాష్ట్ర విభజన జరిగినప్పుడు భద్రాచలము పట్టణము తెలంగాణలో నిలిచినది; ఆ మండలములోని తక్కిన పల్లెలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. 2016లో సారపాక, భద్రాచలము, కొత్తగూడెము భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరినవి. తిరుమలాయపాలెం ఖమ్మములోనే ఉండిపోయినది. ఆనాడు వరుసలో నిలిచి సూది వేయించుకొన్న బాలికలు ఇప్పుడు రెండు రాష్ట్రముల పౌరులు, పెక్కుమంది తల్లులు. 2009లో 14 ఏండ్లదైన పిల్లకు 2025లో 30 ఏండ్లు నిండినవి; 10 ఏండ్లదానికి 2029లో నిండును. ముఖద్వార పరీక్ష మొదలుపెట్టవలసినదని జాతీయ కార్యక్రమము చెప్పు వయసు అదే. కాన్సరు తెచ్చు వైరస్ రకములలో టీకా ముఖ్యముగా రెండింటినే ఆపును గనుక వారికిని పరీక్ష అవసరమే. వారి పేర్లు, ఊళ్లు, ఎన్ని మోతాదులు పడినవో ఆనాడు కాగితములపై వ్రాసికొన్నారు. ఆ కాగితములను విచారణ సంఘములు సంతకముల కొఱకు తిరగవేసినవి. పరీక్షకు పిలుచుటకై తిరగవేయవలసిన పని రెండు రాష్ట్రముల ఆరోగ్య శాఖలది.